పెద్దత్త చేసిన ఉడుము ఇల్లు

రండి, ఆ గుమ్మం దగ్గరే నిలబడిపోకండి. చాప కొంచెం ఇటు లాక్కుని నా మోకాలి పక్కన కూర్చోండి. నాకు గొంతు పెద్దగా లేవదు, పైగా ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. నేను మూడో తరగతి దాటని మనిషిని. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ రాస్తున్నాను, తప్పులుంటే మీరే సర్దుకోండి. జ్ఞాపకం మాత్రం దేవుడు అవసరానికి మించి ఇచ్చాడు. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ అంచు చీర కట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. మరిచిపోతే బాగుండుననుకున్నవి కూడా చెప్పగలను.

పోయిన నెల ధర్మవరంలో మా పాత ఇంటి నేల తవ్వించి గచ్చు చేయించాం. నడవ మూలన తవ్వుతున్న ఆయన పార పక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"అవ్వా, ఈడ మగ్గం గుంట ఉండాది, సరే. గుంట చుట్టూ బండలకు నాలుగు మూలలా ఈ బొక్కలు ఏంటికి తొలిచినారు? మగ్గానికి ఇట్ల ఉండవు కదా?"

"నాకేం తెలుసప్పా, ఎప్పటివో" అన్నాను.

నాకు తెలుసు. ఆ నాలుగు బొక్కలూ మా పెద్దత్త ఉలితో తొలిచింది. వాటిలో నాలుగు గుంజలు దిగేసి, గుంట మీద ఒక ఉడుముకు కొయ్యతో ఇల్లు కట్టింది. ఆమె విషయంలో నేను అబద్ధమాడటం ఇది మొదటిసారి కాదు. అందుకే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

పెద్దత్త అంటే మా మామకు అక్క, మా ఆయనకు మేనత్త. ఆమెకు పేరుండేది కానీ ఇంట్లో ఎవరూ పేరుతో పిలవలేదు, నేనూ ఇప్పుడు చెప్పను. ఆమె, ఆమె భర్త ఆ ఇంట్లోనే ఉండేవాళ్లు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి మా మామది, రెండోది ఆయనది. గుంట మగ్గమంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను: నేలలో మోకాలి లోతు గుంట తీసి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు. ఆమె భర్త పోయాక ఆ మగ్గం విప్పేశారు. గుంట మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఆ గుంటలో కాళ్లు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆయన వదిలిపోయిన సామాన్లలో బాడిస, రంపం, రెండు ఉలులు ఉన్నాయి. పెద్దత్త వాటిని తీసి పనిలో పెట్టింది. మగ్గానికి ఒక కొయ్య విరిగితే వడ్రంగి వచ్చేసరికి నాలుగు రోజులు. నాలుగు రోజులు నేత ఆగితే ఇల్లు గడవదు. అందుకని తనే చెక్కేది. మొదట మా ఇంటి మగ్గానికి, తర్వాత వీధిలో అడిగినవాళ్లందరికీ.

నేను కోడలిగా పోయిన మొదటి వారంలోనే, ఎదురింటామె అరుగు మీంచి అనడం విన్నాను.

"ఏమక్కా, ఆడమనిషి బాడిస పడితే వాన రాదంట!"

"నేను పట్టకముందు మటుకు ఈ ఊరికి యాడొచ్చింది వాన? చెప్పు, తలుచుకుందాం" అంది పెద్దత్త, తల ఎత్తకుండా.

కొయ్య దొరికితే ముందు వేలి కణుపుతో తట్టేది. తర్వాత చెవి పెట్టి వినేది. లోపల పుచ్చు ఉంటే మొహం చిట్లించి "దీనికి జలుబు" అని పొయ్యి దగ్గరికి విసిరేసేది. గీత గీయడానికి బొగ్గు ముక్క బొడ్లో దోపుకునేది, అందుకని ఆమె చీరలన్నిటికీ నడుము దగ్గర నల్లమచ్చ. ఏది కనపడకపోయినా, సూదైనా, మేకైనా, మనిషైనా, "యాడికి పోతాది?" అనేది. అదేం విచిత్రమో, మేం గంటసేపు వెతికి వదిలేసినవి ఆమె చేతికి దొరికేవి.

ఆంధ్రప్రదేశ్ అని కొత్తగా పేరు పెట్టిన రోజులు. నాకు పెళ్లయిన ఏడాది ఆషాఢానికి పెనుకొండలో మా పుట్టింటికి వచ్చాను. శ్రావణం రాగానే నన్ను తీసుకుపోవడానికి పెద్దత్త వచ్చింది. పొద్దున్నే కొండ కిందికి పుల్లలకు పోతానంటే నేనూ వెంట పోయాను. అక్కడ గొర్రెలు తోలుకొచ్చినవాళ్లు ఒక ఉడుము పిల్లను రాళ్లతో కొడుతున్నారు. జానెడు కూడా లేదు. వెనక కాలికి రెండు వేళ్లు తెగిపోయి రాతి సందులో బుసకొడుతోంది.

"ఏమప్పా, ఇంతమంది మొగోళ్లు చాలరా దానికి? ఇంకా ఎవరినన్నా పిలుచుకు రాపోండి" అంది పెద్దత్త. వాళ్లు నవ్వి తప్పుకున్నారు. ఆమె కొంగుతో దాన్ని పట్టుకుని పుల్లల గంపలో వేసింది.

రైల్లో ఆ గంప మీద గుడ్డ కప్పి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఉన్న పెద్దాయన కదిలే గుడ్డను చూసి అడిగాడు.

"ఏముండాది అవ్వా గంపలో? కోడిపెట్టనా?"

"కోడలు" అంది పెద్దత్త. నన్ను చూపించి, "ఇది మొదటి కోడలు, గంపలోది రెండోది. రెండూ పెనుకొండవే. ఒక్క ఖర్చుతో అయిపోతాదని రెండింటినీ పిలుచుకుపోతాండా."

నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. పద్దెనిమిదేళ్లు కూడా నిండని కొత్తకోడల్ని, నన్ను తీసుకుపోయి ఉడుముతో జత కట్టింది.

ఇంటికి పోయాక మా అత్త గుమ్మంలోనే ఆపింది. "వదినా, ఏమిది? పట్టు ఉండే ఇంట్లోకి పురుగుల్ని తెస్తావా?"

"ఎలకలు పట్టు కొరుకుతాండాయని ఏడుస్తాండావు కదే. ఇది ఎలకల్ని తింటాది. దీనికి జీతం లేదు, కాఫీ లేదు."

ఎలకల మాట వినగానే మా అత్త అడ్డం తప్పుకుంది.

మొదటి రోజు ఉడుము గంప చీల్చుకుని బయటికి వచ్చింది. మేకపిల్లల్ని మూసే బుట్ట కింద పెడితే నేల గీకి సొరంగం చేసింది. పాత పెట్టెలో పెడితే రాత్రంతా గీకి మూత లేపేసింది. పెద్దత్త కోప్పడలేదు. దాని ముందు గొంతుక్కూర్చుని అది ఎట్లా గీకుతుందో, ఎక్కడ ఆగుతుందో అరపూట చూసింది. "దీనికి పెట్టె కాదు కావాల్సింది, ఇల్లు. కింద మన్ను ఉండల్ల, దాక్కునేదానికి లోతు ఉండల్ల, తల ఎత్తితే వెలుతురు ఉండల్ల" అని లేచి, నేరుగా భర్త గుంట దగ్గరికి పోయి నిలబడింది. ఎంతసేపు నిలబడిందో. తర్వాత బొగ్గు తీసి బండ మీద గీత గీసింది.

పన్నెండు రోజులు పట్టింది. విప్పేసిన మగ్గం దూలాన్ని నాలుగు గుంజలు చేసింది. పలకల్ని ఒకదానిలో ఒకటి కొరికించి బిగించింది, ఒక్క ఇనుప మేకు కొట్టలేదు. మేకు తుప్పు పడితే దాని కాలికి గీసుకుంటుందట. ముందు వైపు, దారాలు దువ్వే పాత అచ్చులోని సన్నని బద్దలు వరసగా దిగేసి కిటికీ చేసింది. పొద్దున ఎండ ఆ బద్దల సందుల్లోంచి పడితే ఉడుము ఒళ్లంతా చీర మీది గీతల్లాగా చారలు పడేవి. అది గుంటలోకి దిగి మట్టిలో పడుకునేది, ఎండకు పైకెక్కి పలక మీద సాగిలపడేది.

తలుపుకు రెండు చీలల కొయ్య గడియ చేసింది. కింది చీల లోపలికి నొక్కి పట్టుకుని, పైదాన్ని ఎడమకు జరిపితేనే వస్తుంది. తెలియనివాళ్లు ఎంత గుంజినా రాదు. మా ఆయన రెండు రోజులు కుస్తీ పట్టి ఓడిపోయాడు. "అత్తా, నాకు చెప్పు. నేనూ గుడ్లు పెడతా కదా దానికి" అన్నాడు. "నువ్వు కిటికీలోంచి పెట్టుకో నాయనా" అంది ఆమె. నన్ను పిలిచి మాత్రం, నా వేళ్లు పట్టుకుని చూపించింది.

"నీకు మాత్రం చెప్తాండా మ్మే. ఇది మీ ఊరిది. పుట్టింటోళ్లను పుట్టింటోళ్లే చూసుకోవల్ల."

మీకు ఎట్లా చెప్పేది! అత్తవారింట్లో నాకంటూ దక్కిన మొదటి మర్యాద అది. నేను దాన్ని ముట్టుకోవడానికి నెల పట్టింది, కానీ అలవాటయ్యాక నేనే గుడ్డు పెట్టేదాన్ని. పలక మీద గుడ్డుతో రెండుసార్లు టకటక కొడితే గుంటలోంచి తల పైకి వచ్చేది. నాలుకతో నా మణికట్టు తడిమి, నేనేనని రూఢి చేసుకుని, అప్పుడు నోరు తెరిచేది.

రెండేళ్లు అట్లా గడిచాయి. అది మూరెడు దాటింది. పెద్దత్త హిందూపురంలో చెల్లెలి కూతురి కాన్పుకు పోవాల్సి వచ్చింది. నాలుగు రోజులు. పోతూ పోతూ నాకు చెప్పింది ఒకటే: "మన కోడలు జాగ్రత్త."

ఆమె పోయిన మరునాడే మా ఆయన నడుము పట్టేసింది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి లేవలేకపోయాడు. ఇద్దరు చంకల కింద చేతులేసి లేపి మంచం మీద వేశారు. పక్కకు తిరిగితే కేకలు. ఆముదం రాశాం, ఇటుక కాచి గుడ్డలో చుట్టి పెట్టాం. ఏం తగ్గలేదు. మా మామకు కూడా ఇట్లాగే నడుముతో మొదలైంది, మంచం పట్టి, మంచంలోనే పోయాడు. మా అత్త కొడుకును చూస్తూ భర్తను చూస్తోందని నాకు అర్థమవుతూనే ఉంది. మూడో రోజు ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మా నాయన నడుము ఇట్లనే పడితే ఉడుము కూరతో లేచినాడు. ఊరంతా అడిగించినా, ఈ వారం ఎవరూ కొండ నుంచి తేలేదంట. ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరుగుతాండాం మ్మే."

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను.

"గొడ్డలితో కొడితే పలకలు ఊడొస్తాయి. కానీ వదినకు ఏం చెప్పేది? నీకు గడియ తెలుసు కదా." నా గడ్డం పట్టుకుంది. "నువ్వే నా తల్లివి. నీ మొగుణ్ణి లేపు."

అంతవరకు ఆమె నన్ను ఒక్కసారీ అట్లా అనలేదు. మొగుడికి ఏమవుతుందోనన్న భయంతో చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉంది, నిజమే. కానీ ఆ గడ్డం పట్టుకోవడం కూడా ఉంది. నాకు గడియ రావడం లేదని ఒక్క మాట అనుంటే సరిపోయేది. పెద్దత్త రైలు దిగేదాకా ఇంకొక రోజు గడిచిపోయేది. అనలేదు.

గుడ్డు తీసుకుని పోయాను. పక్కింటాయన గోనెసంచి పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. కింది చీల నొక్కాను, పైది జరిపాను. పలక మీద టకటక కొట్టాను. అది వచ్చింది. ఎప్పటిలాగే నాలుకతో నా మణికట్టు తడిమింది. నేనేనని చూసుకుంది. నోరు తెరిచేలోపు సంచి పడింది. గుడ్డు నా చేతిలోంచి జారి గుంటలో పగిలింది.

తర్వాత నేను గుంటలోకి వంగి పెంకులు ఏరేశాను. తడిసిన మన్ను చేత్తో ఎత్తి పారేశాను. తలుపు మూసి గడియ పెట్టాను. కావాలని పెట్టలేదు. పట్టు ఉండే ఇళ్లలో ఏ పెట్టె తీసినా, ఏ తలుపు తీసినా, మరుక్షణం మూయాలి. ఎలక దూరితే ఒక చీర పోయినట్టే. మా చేతులు మాకు చెప్పకుండానే మూసేస్తాయి. నా చేయి అట్లాగే మూసింది.

మా ఆయనకు కుందేలు కూర అని చెప్పి పెట్టాం. తిన్నాడు. బాగుందన్నాడు.

మరునాటి ఉదయం హిందూపురం రైలు దిగి పెద్దత్త వచ్చింది. చంకలో ఒక చిన్న రాతి తొట్టి. అక్కడి సంతలో కొన్నదట. "దుడ్లు ఇచ్చి రాయి కొనుక్కుంటాండావా అవ్వా అని రైలు నిండా నవ్వినారు నన్ను" అంటూ గుమ్మంలోనే మొదలుపెట్టింది. "నీళ్లు పోసే మట్టి మూకుడు ఊరికే తిరగేస్తాండాది కదా. ఇదైతే తిరగేయలేదు. యాడుండాది మా కోడలు?"

మా అత్త తల వంచుకుని చెప్పింది. "నిన్న తప్పించుకుని యాడికో పోయింది వదినా. ఎట్ల పోయిందో తెలీదు."

పెద్దత్త తొట్టి కింద పెట్టి, ఉడుము ఇంటి ముందు కూర్చుంది. గడియ మీద వేళ్లు పెట్టి తడిమింది. కింది చీల, పై చీల. రెండూ వాటి చోట్లలో ఉన్నాయి. చాలాసేపు వేళ్లు తీయలేదు. తర్వాత తిరిగి నా వైపు చూసింది.

"గడియ నువ్వు తీసినావా మ్మే?"

"లేదత్తా. గుడ్డు పెట్టేదానికి పోతే అప్పటికే లేదు."

"అట్లనా" అంది. "యాడికి పోతాది? వెతుకుతాం లే" అని లేచింది.

మూడు రోజులు వెతికింది. చేతిలో గుడ్డు పట్టుకుని వీధి వీధీ తిరిగింది. గడపల మీద టకటక కొట్టింది. రంగులు వేసే ఇళ్ల వెనక, పాడుబడిన గోడల సందుల్లో వంగి చూసింది. నేను నీళ్లు తెస్తూ చూసేదాన్ని. ఎదురింటామె కూడా నవ్వడం మానేసింది. మంచం మీంచి మా ఆయన కేకేసేవాడు: "అత్తా, ఎండలో ఏంటికి తిరుగుతావు? నీ కాళ్లు పోతాయి."

"మా కోడలు అలిగి పుట్టింటి దావ పట్టిందిరా. నువ్వు పడుకో" అనేది, ఆయనకు వినపడేలా, నవ్వుతూ.

వారానికి ఆయన లేచి మగ్గంలో కూర్చున్నాడు. తిన్నందుకు లేచాడో, వారం పడుకున్నందుకు లేచాడో నాకు తెలియదు. మా అత్త మాత్రం నన్ను అప్పటి నుంచి బాగా చూసుకుంది.

ఆ ఉడుము ఇల్లు ఏడాది పైన ఖాళీగా ఉంది. మా పెద్దపాప నిలబడటం నేర్చుకునే నాటికి, ఒక పొద్దు పెద్దత్త ఆ పలకలు విప్పడం మొదలుపెట్టింది. గుంజల నుంచి మూడు చక్రాలు కోసింది, పలకలతో పిడి చేసింది. పిల్లలు పట్టుకుని నడిచే బండి. పాప దాన్ని తోసుకుంటూ నడవంతా తిరిగేది. ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. పలక అంచున ఉడుము గోళ్ల గీతలు, నా బిడ్డ చేతుల కింద. నేను పని ఉందని వంటింట్లోకి పోయేదాన్ని.

ఈ రోజు చెప్పాలి, రేపు చెప్పాలి అనుకుంటూ పదేళ్లు పోయాయి. ఆమె నాతో మారలేదు, అదే నాకు శిక్ష. నా రెండో కాన్పుకు నా పక్కన కూర్చుంది. నా పీట చెక్కింది, నా చేట అంచు కట్టింది. తిట్టి ఉంటే తీరిపోయేది.

ఆ పదేళ్ల చివర ఆమె కాళ్లు వాచి మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నేను ఆమె తలకు నూనె రాస్తున్నాను. నడవలో మా ఆయన మగ్గం ఆడుతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అత్తా. ఆ పొద్దు ఉడుము గడియ తీసింది నేనే."

నేను కూర సంగతి, కుందేలు మాట, అన్నీ చెప్పాను.

"తెలుసు లే" అంది చివరికి. "పారిపోయే ఉడుము వెనక్కి తిరిగి గడియ పెట్టి పోతాదా?"

"మరి ఏంటికి అడగలేదు?"

"అడిగినా కదా. ఒగసారి అడిగినా. రెండుసార్లు అడిగే మాటనా అది?"

"తెలిసీ మూడు రోజులు వీధుల్లో ఏంటికి తిరిగినావు?"

నడవ వైపు చూపించింది. "వాడు మంచంలో పడుకుని అన్నీ వింటాండె. నేను వెతకకపోతే వానికి అనుమానం వస్తాది. తాను ఏం తిన్నాడో తెలిస్తే వాడు తట్టుకోడు. వాడు కిటికీలోంచి గుడ్లు పెట్టి పెంచినోడు. వాడు కుందేలే తిన్నాడు, అట్లనే ఉండనీ."

నేను ఏడుస్తున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఒగటి మటుకు చెప్పు. గుడ్డు చూపించే కదా పిలిచినావు?"

"ఊఁ."

"తినిందా? అది తిన్న తర్వాతనే కదా పట్టింది?"

మగ్గం చప్పుడు ఆగింది. దారం తెగి ఉంటుంది. ఆమె తల నా చేతుల్లో ఉంది, నూనె నా వేళ్ల సందుల్లోంచి కారుతోంది.

"తినింది అత్తా" అన్నాను. "మొత్తం తినిందాక ఆగినాం."

"అంతమటుకు మంచిపని చేసినావు" అంది.

ఆ నెలలోనే పోయింది. ఆ మాట ఆమె నమ్మిందని నేను అనుకోను. నమ్మినట్టు ఉండిపోయింది, నా కోసం. మా ఆయనకు నేను చివరిదాకా చెప్పలేదు, ఆమె వద్దందని. అది కూడా నాకు మంచి సాకు అయిపోయింది.

ఇంతే తల్లీ. లేవండి, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. మీ పొయ్యి మీద ఎసరు ఏనాడూ ఆరకుండా ఉండాలి. మీ మగవాళ్ల నడుములు, మీ ఆడవాళ్ల చేతులు గట్టిగా ఉండాలి. మిమ్మల్ని నమ్మి మీ గడపలోకి వచ్చిన ఏ ప్రాణమైనా, కాళ్లు రెండున్నా నాలుగున్నా, మీ ఇంట చల్లగా బతకాలి. మీ నోట ఏదైనా ఒప్పుకోవాల్సిన మాట ఉంటే, వినేవాళ్లు లేచి తిరుగుతుండగానే అది బయటికి వచ్చేటట్టు ఆ దేవుడు మీ ఇంటిని చూడాలి.